తీసి ఉంచిన వాల్వు

నదీన్ వెళ్ళిపోయిన ముప్పై రెండో రోజు పొద్దున్న టాయిలెట్ మళ్ళీ పూడుకుపోయింది. ఈసారి తిట్టడానికి బండిలో ఎవరూ లేరు.

హార్లన్ స్ట్రౌడ్ నడుం మీద చేతులు వేసుకుని ఆ ఇరుకులో నిలబడ్డాడు. చక్రాల మీది ఇల్లు లాంటి ఈ మోటర్ హోమ్‌లో దాన్ని గది అనడం మర్యాదకే గానీ, బట్టల బీరువాకంటే రెండు జానలు పెద్దది, అంతే. మోకాలు ఒక గోడకి, మోచెయ్యి ఇంకో గోడకి కొట్టుకుంటాయి. కాలితో పెడల్ నొక్కాడు. అడుగున మూత తెరుచుకుంది గానీ నీళ్ళు దిగలేదు. గిన్నె అంచుదాకా తీరిగ్గా లేచి, అక్కడే ఆగాయి.

"పేపరు," అన్నాడు అలవాటు కొద్దీ.

అనేశాక తనకే ఎలాగో అనిపించింది. ఇలాంటి బండ్లు నిలుపుకునే ఈ పార్కులో చోటు తీసుకున్న రెండేళ్ళుగా ఇది పూడుకున్నప్పుడల్లా ఆయన నోటి నుంచి వచ్చే మొదటి మాట అదే. "ఎంత పేపరు వేశావ్ నదీన్?" అని మొదలయ్యేది. నదీన్ మొదట్లో నాలుగు ముక్కలు అనేది. తర్వాత రెండు అనేది. ఆ తర్వాత జవాబు చెప్పడం మానేసి, చిన్న సంచీ పట్టుకుని, పట్టీ వేసుకున్న మోకాలితో కంకర మీద నూటయాభై గజాలు నడిచి పార్కు వాళ్ళ స్నానాల గదులకి వెళ్ళడం మొదలుపెట్టింది. చివరికి జనవరిలో ఒకరోజు టూసాన్ నగరంలో ఉన్న అక్క లాయిస్ దగ్గరికి వెళ్ళిపోయింది. వెళ్తూ ఒకటే అంది, "అది సరిగ్గా పనిచేసిన రోజు చెప్పు, వచ్చి చూస్తాను" అని.

నెలరోజులుగా ఈ బండిలో పేపరు వాడింది హార్లన్ ఒక్కడే. అదీ పిసినిగొట్టులా లెక్కపెట్టుకుని వాడాడు. మరి తప్పెవరిది? ఆ ప్రశ్నని అవతలికి నెట్టి, కెటిల్ నిండా నీళ్ళు పోసి పొయ్యి మీద పెట్టాడు.

మరిగిన నీళ్ళలో గిన్నెలు తోమే సబ్బు కలిపి పోస్తుండగా ఫోను మోగింది. ప్రతి మంగళవారం పది గంటలకి నదీన్ చేస్తుంది. హార్లన్ తొమ్మిదిన్నర నుంచే ఫోను చొక్కా జేబులో వేసుకుని తిరుగుతాడు.

"ఎలా ఉన్నావ్?"

"నాకేం, బానే ఉన్నా."

"బీపీ మాత్ర?"

"వేసుకున్నా."

"ఏం తిన్నావ్?"

"గుడ్లు." నిన్న కూడా గుడ్లే, మొన్న కూడా గుడ్లే. ఆ సంగతి చెప్పలేదు.

అవతల ఎవరో ఆడమనిషి నవ్వుతున్నట్టు వినపడింది. లాయిస్ ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఉంటారు.

"అదెలా ఉంది?" అంది నదీన్.

దేని గురించో పేరు చెప్పక్కర్లేదు. హార్లన్ గిన్నెలోకి చూశాడు. సబ్బు నురగ అంచు మీద కూర్చుని ఆయన వంకే చూస్తోంది.

"అది... బ్రహ్మాండంగా ఉంది," అన్నాడు.

ఎందుకన్నాడో ఆయనకే తెలీదు. డెబ్భై రెండేళ్ళొచ్చాయి, పెళ్ళాంతో టాయిలెట్ గురించి అబద్ధం ఆడుతున్నాడు.

"నిజంగానా?" నదీన్ గొంతులో ఒక్క క్షణం పాత నదీన్ వినిపించింది. "అయితే శనివారం వస్తా. లాయిస్ కారు తీసుకుని. ఇక్కడ పై అంతస్తులో ఒక ఫ్లాటు ఖాళీ అవుతోంది హార్లన్. తీసుకుంటానో లేదో ఈ వారంలో చెప్పెయ్యమంటున్నాడు మేనేజరు. చెప్పే ముందు ఒకసారి వచ్చి చూస్తా."

"రా," అన్నాడు హార్లన్. "తప్పకుండా రా."

ఫోను పెట్టేశాక వేళ్ళు మడిచి చూసుకున్నాడు. శనివారానికి నాలుగు రోజులు.

పక్క బండి గస్ లిండ్‌క్విస్ట్‌ది. మిన్నెసోటా వాడు, తెల్లగడ్డం. పొద్దున్న ఎనిమిదింటికి పందిరి కింద కుర్చీలో కూర్చుంటే మళ్ళీ ఎండ కుర్చీ కిందికి వచ్చేదాకా లేవడు. పార్కులో ఎవరికే కష్టం వచ్చినా సలహా ఆయన దగ్గర సిద్ధంగా ఉంటుంది.

"ఐసు వెయ్యవోయ్," అన్నాడు గస్, విషయం సగం వినకుండానే. "రెండు బస్తాల ఐసు లోపల పోసి, బండి తీసుకెళ్ళి గతుకుల్లో తిప్పు. ముక్కలు కింద మురుగు ట్యాంకులో అటూ ఇటూ దొర్లి అంతా గీరేస్తాయి. చీపురు పెట్టి ఊడ్చినట్టు."

"ఎవరు చెప్పారు?"

"అందరూ చెప్తారు."

"నువ్వు చేశావా ఎప్పుడన్నా?"

"నాకేం ఖర్మ? నాది బానే ఉందిగా."

హార్లన్‌కి వొళ్ళు మండింది గానీ, వేరే దారి లేదు. బుధవారం పొద్దుటికి వేడినీళ్ళ పుణ్యమా అని గిన్నెలో నీళ్ళు కొంచెం కొంచెంగా దిగడం మొదలుపెట్టాయి. పార్కు ఆఫీసు నుంచి రెండు బస్తాల ఐసు తెచ్చి, కాలు పెడల్ మీదే ఉంచి, కాగితపు గరాటులోంచి గుప్పెడు గుప్పెడు జారవిడిచాడు. వేళ్ళు మొద్దుబారాయి. తర్వాత బయటికొచ్చి కరెంటు తీగ పీకాడు, నీళ్ళ పైపు విప్పాడు, మురుగు ట్యాంకు వాల్వు పిడిని లోపలికి నెట్టి మూశాడు, కాలువలోకి పోయే లావు గొట్టం విప్పి కడిగి చుట్టపెట్టాడు. బండి కదిలేముందు వాల్వు మూయాలని ఎవరూ చెప్పక్కర్లేదు. ముప్పై నాలుగేళ్ళు జిల్లా స్కూలు బస్సులకి ప్రాణం పోసిన చేతులవి.

గతుకులు కావాలంటే దక్షిణాన ఎడారిలోకి పాత గనుల దారి ఉంది. అందులో వెళ్తే పళ్ళు కూడా ఊడతాయి. హార్లన్ ఆ మలుపు దాకా వచ్చాడు, ఆ దారి వంక చూశాడు, స్టీరింగు ఉత్తరానికి తిప్పాడు. టూసాన్‌కి అరవై మైళ్ళు. నున్నటి తారురోడ్డు. గతుకన్న మాట లేదు.

లాయిస్ ఉండే వీధిలో ఆ బండి పట్టడమే గగనం. నారింజ చెట్ల కొమ్మలు పైకప్పుని గీకుతుంటే అడుగులో అడుగు వేసుకుంటూ వీధి చివర ఆపాడు. రెండంతస్తుల గులాబీరంగు ఇళ్ళు వరసగా ఉన్నాయి. మూడో ఇంటి మెట్ల దగ్గర నదీన్ ఉంది.

నీలం స్వెట్టరు వేసుకుంది. పక్కన ఎవరో పొట్టి మనిషి, ఇరుగుపొరుగు అయ్యుంటుంది. ఇద్దరూ ఒక పూలకుండీని ఎక్కడ పెట్టాలో వాదించుకుంటున్నారు. ఒక మెట్టు మీద పెట్టారు, వెనక్కి జరిగి చూశారు, తీసి ఇంకో మెట్టు మీద పెట్టారు. బండిలో మొక్క పెట్టుకోవడానికి వీల్లేదు, మలుపు తిరిగినప్పుడల్లా దొర్లుతుంది. నదీన్ మట్టి చేతులతోనే నుదుటి మీద జుట్టు వెనక్కి తోసుకుంది. ఆ పొట్టి మనిషి ఏదో అంటే తల వెనక్కి వేసి నవ్వింది.

హార్లన్ చెయ్యి తలుపు పిడి మీద ఉంది. వెళ్ళి ఆమె పక్కన నిలబడాలనిపించింది. అంతకంటే ఏమీ అక్కర్లేదు. ఆ కుండీ ఎత్తి ఎక్కడ పెట్టమంటే అక్కడ పెట్టి, చేతులు దులుపుకుని నిలబడితే చాలు. కానీ దిగితే మొదటి ప్రశ్న, "బండి ఎందుకు కదిలించావ్?" అని. జవాబేమో లోపల ట్యాంకులో కరుగుతోంది. అదీకాక, తను వెళ్తే ఆ నవ్వు ఆగిపోతుందేమోనని భయం వేసింది. ఎన్నాళ్ళయిందో అలా నవ్వగా చూసి.

వెనక ఎవరో హారన్ కొట్టారు. హార్లన్ పిడి వదిలేసి బండి ముందుకి పోనిచ్చాడు.

పార్కుకి తిరిగొచ్చి గొట్టం తగిలించి వాల్వు లాగేసరికి ట్యాంకులోంచి గలగలా పోయింది. గస్ దూరం నుంచే బొటనవేలు ఎత్తి చూపించాడు. హార్లన్ బయటికి లాగిన వాల్వు పిడిని ఎప్పటిలాగే అలా వదిలేశాడు. రోడ్డు మీద ఉన్నప్పుడు మూయాలి సరే, ఇక్కడ నేలలో మురుగు కాలువే ఉంది కదా! ఇంట్లో మురుగు గొట్టానికి ఎవరన్నా బిరడా పెట్టుకుంటారా?

గురువారం అంతా టాయిలెట్ బ్రహ్మాండంగా పనిచేసింది. హార్లన్ పనున్నా లేకపోయినా వెళ్ళి పెడల్ నొక్కి, నీళ్ళు సుడి తిరిగి దిగిపోవడం చూసి వచ్చాడు. సాయంత్రం మంచం మీద దుప్పట్లు మార్చాడు. తన అబద్ధం నిజమైపోయిందన్న ధీమాతో ఈల కూడా వేశాడు.

శుక్రవారం పొద్దున్న నీళ్ళు అంచుదాకా లేచి ఆగాయి.

హార్లన్ బండి మెట్టు మీద కూలబడ్డాడు. ఏడుపు రాలేదు గానీ, వస్తే బాగుండుననిపించింది. ఐసు వల్ల కాలేదు, వేడినీళ్ళ వల్ల కాలేదు, సబ్బు వల్ల కాలేదు. రేపీపాటికి నదీన్ దారిలో ఉంటుంది. ఇన్నేళ్ళలో ఏ బస్సూ ఆయన్ని ఇలా ఓడించలేదు.

పార్కు వాళ్ళ బట్టలుతికే గదిలో బోర్డు మీద ఒక నంబరు రెండేళ్ళుగా అతికించి ఉంది. మోటర్ హోమ్ ట్యాంకులు శుభ్రం చేస్తాం అని. దాని పక్కనుంచి వెళ్ళినప్పుడల్లా హార్లన్ ముక్కుతో నవ్వేవాడు, చేతులు లేనివాళ్ళ కోసం అని. ఇప్పుడు దాని ముందు నిలబడి, అటూ ఇటూ చూసి, నంబరు కొట్టాడు.

వచ్చిన మనిషి పేరు లూపే అర్విజు. నలభై ఏళ్ళుంటాయి, మోకాళ్ళదాకా రబ్బరు బూట్లు, నెత్తిన గడ్డిటోపీ. హార్లన్ తలుపు తీసి లోపలికి రమ్మన్నాడు. ఆవిడ రాలేదు. సరాసరి బండి వెనక్కి వెళ్ళి, గొట్టాల దగ్గర గొంతుక్కూర్చుంది.

"ఈ వాల్వు ఎవరు తీసి పెట్టారు సార్?"

"నేనే."

"ఎప్పట్నుంచి?"

"ఎప్పుడూ అంతే. ఇక్కడ కాలువ ఉందిగా."

లూపే టోపీ వెనక్కి తోసుకుని ఆయన మొహంలోకి చూసింది. నవ్వలేదు. నవ్వి ఉంటే హార్లన్ కొంచెం తేలిగ్గా తీసుకునేవాడు.

"బీన్స్ ఉడకబెడతారా సార్ మీరు?"

"మా ఆవిడ ఉడకబెట్టేది."

"కుండ వంచి నీళ్ళన్నీ పారబోస్తే ఏం మిగులుద్ది? బీన్స్. రోజూ అలాగే పారబోస్తే?" పిడి మీద వేలితో కొట్టింది. "ఇది తీసుంటే నీళ్ళన్నీ ఎప్పటికప్పుడు పోతాయి, గట్టిదంతా ఆ గొట్టం కిందే పడి, ఎండి, గుట్ట లేచిపోద్ది. నీళ్ళలో నానితేనే కదా అది కరిగేది. మూసి ఉంచాలి. ముప్పావు నిండాక ఒక్కసారి లాగాలి. అప్పుడు మొత్తం దూసుకుపోద్ది. రోడ్డు మీద తిరిగినప్పుడు మీకు ఈ బాధ లేదు కదూ?"

లేదు. ఆరేళ్ళు తిరిగారు, ఒక్కసారి కూడా లేదు. హార్లన్ ఇంజను చప్పుడు విని జబ్బు చెప్పగలడు. ఇంత చిన్న లెక్క తన బుర్రకి తట్టలేదు.

"మరి పేపరు?" అన్నాడు. "పేపరు ఎక్కువ వాడితే..."

"పేపరేం చేసింది పాపం."

"మా ఆవిడ..." అని ఆగిపోయాడు.

"ఏం, ఆవిడ అందులో ఏమన్నా వేసేదా?"

"లేదు," అన్నాడు హార్లన్. ఆ మాట పైకి రావడానికి కష్టపడింది. "ఆవిడ ఏం చెయ్యలేదు."

మూడు గంటలు పట్టింది. లూపే వాల్వు మూసి, ట్యాంకులో వేడినీళ్ళు నింపి నానబెట్టింది. తర్వాత కొసన తూట్లున్న సన్నటి గొట్టాన్ని టాయిలెట్‌లోంచి కిందికి దించి, నీళ్ళు వదిలి, చెవి ఆనించి వింటూ మెల్లగా తిప్పింది. బయట గొట్టం మధ్యలో పారదర్శకంగా ఉండే ప్లాస్టిక్ ముక్క ఒకటి బిగించి, దాని దగ్గర హార్లన్‌ని కూర్చోబెట్టింది. "రంగు చెప్తా ఉండండి," అంది. ఆయన బుద్ధిగా కూర్చుని కేకలు వేశాడు. మొదట నలుపు. తర్వాత ముద్దలు ముద్దలు. చాలాసేపు టీ రంగు. ఒక్కో ముద్ద ఆ ముక్కలోంచి జారిపోతుంటే, తను అన్న మాటలన్నీ వరసగా గుర్తొచ్చాయి. రెండేళ్ళ మాటలు. వంగి తన మోకాలు తనే రుద్దుకుంటూ, సంచీ తీసుకుని కంకర మీద నడిచి వెళ్ళే నదీన్ వీపు గుర్తొచ్చింది.

"తేట," అని కేక వేశాడు చివరికి. లోపలి నుంచి లూపే, "ఇంకోసారి చూసి చెప్పండి," అంది. చూశాడు. తేటగానే ఉంది.

ఆ సాయంత్రం అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటూ రేపు చెప్పాల్సిన మాటలు అభ్యాసం చేశాడు. తప్పు నాది. ఆ రెండు ముక్కలూ ఎన్ని రకాలుగా అన్నా, ఎవరో వేరేవాడి చొక్కా తొడుక్కున్నట్టే ఉంది. అయినా లోలోపల ఒక ఆశ. ఇంత పెద్ద మాట చెప్తే నదీన్ కళ్ళనీళ్ళు పెట్టుకుంటుంది, సంచీ సర్దుకుని వచ్చేస్తుంది అని.

శనివారం పదకొండింటికి లాయిస్ కారు వచ్చి ఆగింది. నదీన్ పట్టీ ఉన్న కాలు ముందు కింద పెట్టి దిగింది. హార్లన్ ఎదురెళ్ళాడు. దగ్గరికి తీసుకోవాలో వద్దో తెలీక చెయ్యి పట్టుకున్నాడు. ఆమె చెయ్యి వెచ్చగా ఉంది. నెల రోజులుగా ఎవరినీ ముట్టుకోలేదని అప్పుడు తెలిసొచ్చింది ఆయనకి.

"చిక్కిపోయావ్," అంది.

"గుడ్లే తిన్నా."

"నాకు తెలుసు."

లోపలికి రాగానే నదీన్ నేరుగా ఆ ఇరుకు గదికే వెళ్ళింది. తలుపు వేసుకుంది. హార్లన్ వంటబల్ల అంచు పట్టుకుని నిలబడ్డాడు. పెడల్ చప్పుడు, నీళ్ళు సుడి తిరిగిన చప్పుడు, దిగిపోయిన చప్పుడు. మళ్ళీ ఒకసారి నొక్కింది. మళ్ళీ దిగిపోయాయి.

బయటికొచ్చి చేతులు తుడుచుకుంటూ, "బాగుంది," అంది. కిటికీ పక్క బల్ల దగ్గర, తను ఎప్పుడూ కూర్చునే చోట కాకుండా ఎదుటి వైపు కూర్చుంది. "ఫ్లాటు తీసుకుంటానని నిన్న చెప్పేశాను హార్లన్."

హార్లన్ కూర్చోవడం మర్చిపోయాడు.

"ఇవాళ చూశాక చెప్తానన్నావ్ కదా?"

"అన్నాను. బుధవారం నిన్ను చూశాను."

హార్లన్ వంటబల్ల అంచు మళ్ళీ పట్టుకున్నాడు.

"ముప్పై అడుగుల బండి హార్లన్. వీధిలో సగం మూసేశావ్. కనపడదనుకున్నావా? నా పక్కనున్న రోసా అంది, అది మీ ఆయనదే కదా అని. నేను చూడనట్టు కుండీ అటూ ఇటూ మార్చాను. దిగుతావు, దిగుతావు అని. మూడు మెట్లు మార్చాను. రోసా ఆ మట్టి చేతులేంటని ఎగతాళి చేస్తే నవ్వాను కూడా. నువ్వు దిగలా."

"నువ్వు నవ్వుతున్నావని..." అన్నాడు హార్లన్.

బయట గస్ ఎవరికో ఐసు సలహా చెబుతున్నాడు. హార్లన్ మెల్లగా ఆమె ఎదురుగా కూర్చున్నాడు. దాచుకున్న మాట ఒకటుంది. దాంతో ఇక వచ్చేదేమీ లేదు. ఫ్లాటు తీసేసుకుంది. అయినా గొంతు సవరించుకున్నాడు.

"పేపరు కాదు," అన్నాడు. "వాల్వు. నేను తీసి ఉంచా. రెండేళ్ళు. నేను చేసిన పనికి నిన్ను అన్నాను. తప్పు నాది నదీన్."

నదీన్ ఏడవలేదు. ఆమె మొహంలో ఆశ్చర్యం కూడా లేదు.

"తెలుసు," అంది.

"ఎలా? ఎవరు చెప్పారు?"

"మనం ఈ పార్కుకి వచ్చిన మొదటి వారమే. బట్టలుతికే గదిలో ఒకావిడ చెప్పింది. నేనొచ్చి నీకు చెప్పాను. నువ్వు బండి కింద పడుకుని ఏదో బిగిస్తున్నావ్. 'ముప్పై నాలుగేళ్ళు చేశాను ఈ పని, నాకు చెప్తున్నావా' అన్నావ్. థాంక్స్‌గివింగ్ పండగప్పుడు ఇంకోసారి చెప్పాను. అప్పుడు రేడియో సౌండు పెంచావ్."

హార్లన్ గుర్తు తెచ్చుకోవడానికి ప్రయత్నించాడు. బండి కింద పడుకోవడం గుర్తుంది. బిగించిన బోల్టు కూడా గుర్తుంది. నదీన్ గొంతు మాత్రం ఎంత వెతికినా దొరకలేదు. అన్నిటికంటే అదే ఎక్కువ భయపెట్టింది.

"తెలిస్తే నువ్వే మూసెయ్యకపోయావా?"

"మూశాను. రెండుసార్లు. పొద్దున్నే నువ్వు వెళ్ళి మళ్ళీ తీశావ్. పార్కులో పిల్లలెవరో పాడుచేస్తున్నారని ఆఫీసుకి వెళ్ళి గొడవ కూడా పెట్టుకొచ్చావ్."

ఆ గొడవ ఆయనకి బాగా గుర్తుంది. నవ్వు రావాల్సిన మాటే. ఇద్దరికీ నవ్వు రాలేదు. ఆమె బల్ల మీద చేతులు చూసుకుంటోంది. గోళ్ళలో ఇంకా కొంచెం మట్టి ఉంది. ఇంత దగ్గరగా కూర్చుని ఉన్నా, అరవై మైళ్ళ అవతల వీధి చివర నుంచి చూస్తున్నట్టే ఉంది హార్లన్‌కి. బండి ఆపి దిగాలి. ఎలా దిగాలో తెలీదు.

"ఇంకా ఏమేం చెప్పావ్?" అన్నాడు.

"ఏంటి?"

"నాకు. ఇన్నేళ్ళలో. నేను విననివి."

నదీన్ తలెత్తి ఆయన మొహంలోకి చూసింది. అదేదో కొత్త రకం ఎత్తేమో అన్నట్టు చాలాసేపు చూసింది.

"మొత్తం చెప్పమంటావా?"

"మొత్తం."

"సాయంత్రం అయిపోద్ది."

"అవనీ."

"విన్నా సరే, ఫ్లాటు ఫ్లాటే."

"సరే," అన్నాడు. ఆ మాట అనడానికి చాలా ధైర్యం కావాల్సి వచ్చింది.

నదీన్ స్వెట్టరు చేతులు పైకి మడుచుకుంది.

"మొదటిది," అంది. "నాకీ ఎడారి అంటే ఇష్టం లేదు. ఎప్పుడూ లేదు."

హార్లన్ నోరు తెరిచాడు. ఎనిమిది చలికాలాలు, కేవలం ఆమె కోసమని, మంచు కురిసే సొంతూరి నుంచి పదిహేను వందల మైళ్ళు నడుపుకుంటూ ఇక్కడికి తీసుకొచ్చాడు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. నోరు మూసుకున్నాడు.

"చెప్పు," అన్నాడు. "వింటున్నా."